పామిడి బట్టల కొట్టుకు వెళ్ళిన హార్ప్

మా తెనాలి వాళ్ళకు అనంతపురం జిల్లా అంటే రైలు కిటికీలోంచి చూసి, పాపం అనుకుని, మళ్ళీ అటు తిరిగి పడుకునే చోటు. నేనూ ఆ జాతిదాన్నే. బొంబాయి నుంచి వచ్చేటప్పుడు గుంతకల్లు స్టేషన్లో టీ తాగడం తప్ప ఆ నేల మీద నాలుగడుగులు వేసిన పాపాన పోలేదు. అలాంటిది ఈ వేసవిలో కొన్ని రోజులు అక్కడే తిరిగి వచ్చాను. కొండల్ని చూద్దామనో కోటల్ని చూద్దామనో కాదు. ఒక వాద్యానికి తోడుగా వెళ్ళాను.

నేను బొంబాయిలో పాశ్చాత్య సంగీతం వాయించే ఒక ఆర్కెస్ట్రాలో రెండో వరస వయొలిన్ వాయిస్తాను. వాసవి అదే ఆర్కెస్ట్రాలో హార్ప్ వాయిస్తుంది. హార్ప్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది మనిషి కన్నా ఎత్తు. పెద్ద విల్లుకు వరసగా తీగలు బిగించినట్టు ఉంటుంది. నలభై ఏడు తీగల్లో దారి తప్పిపోకుండా కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి నలుపు రంగు వేస్తారు. అడుగున కాళ్ళతో తొక్కే పెడళ్ళు ఏడు. మనిషి కూర్చుని, దాన్ని భుజానికి ఆనించుకుని, రెండు చేతులా మీటాలి.

మా వయొలిన్ వాళ్ళం పాతికమంది దాకా ఉంటాం. ఏదో ఒక పూట నేను విల్లు గాలిలో ఆడించినా కనిపెట్టేవాడు లేడు. హార్ప్ మాత్రం ఒక్కటే. ఒక్కటే కాబట్టి ఆ కుర్చీ ఖాళీ కావాలంటే అందులో ఉన్నవాళ్ళు రిటైరవ్వాలి, లేకపోతే ఇంకేదన్నా కావాలి. ఆ ఇంకేదన్నా కోసం మొక్కుకోవడం బాగుండదు కదా అని వాసవి చాలా ఏళ్ళు హోటళ్ళలో, సంపన్నుల పెళ్ళిళ్ళలో, సినిమా రికార్డింగుల్లో వాయించింది. ఎవరికన్నా జ్వరమొస్తే ఆ పూటకు పిలిచేవాళ్ళు. చివరికి కుర్చీ ఖాళీ అయింది. ఎంపిక చేసేవాళ్ళకు మనిషి కనబడకుండా తెర కడతారు, అడుగుల చప్పుడు కూడా వినబడకుండా నేల మీద తివాచీ పరుస్తారు. ఆ తెర వెనక నుంచి మూడు సార్లు వాయించి నెగ్గింది.

నెగ్గాక చేసే పని ఏమిటంటే, ఎక్కువ భాగం ఊరికే కూర్చోవడం. మేమంతా చెమటలు కక్కుతుంటే హార్ప్ తన వంతు వచ్చేదాకా తాళం లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఒకరోజు పక్కన కూర్చుని విన్నాను. వాసవి పెదాలు కదుపుతూ “లాభం, రెండు, మూడు, నాలుగు” అని లెక్కపెడుతోంది. వాళ్ళ ఇళ్ళలో కొలిచేటప్పుడు ఒకటి అనరట, లాభం అంటారట. జర్మనీ వాడు రాసిన సంగీతాన్ని పామిడి శెట్టిగారి కొలతతో కొలుస్తోంది మా పిల్ల.

అసలు గొడవ ఆ శెట్టిగారితోనే. పామిడిలో వాళ్ళ నాయనకు బట్టల కొట్టు. కూతురు బొంబాయిలో బ్యాంకు ఉద్యోగం చేస్తోందని ఆయన ఊరంతటికీ చెప్పి పదేళ్ళు దాటింది. ఉద్యోగం ఖాయమైన రోజు వాసవి ఫోన్ చేస్తే, “శానా సంతోషం పాపా, బ్యాంకులో పర్మనెంటు అయిందని చెప్తాలే” అన్నాడట.

బెంగుళూరులో ఒక కచేరీ, కొన్ని రోజుల ఎడంతో హైదరాబాదులో ఇంకొకటి పడ్డాయి. మిగతావాళ్ళు విమానం ఎక్కారు. హార్ప్‌కు వ్యానే గతి. ఆ వ్యాను దారి సరిగ్గా పామిడి పక్కనుంచే పోతుంది.

“దాన్ని తీసుకపోయి మా నాయన కండ్ల ముందర పెడతాక్కా,” అంది వాసవి. “నా బిడ్డ చేసే పని ఇదీ అని నలుగురిలో ఆయన నోటితో చెప్పల్ల. చెప్పకపోతే నేను ఇంగ ఆ ఇంటికి పోను.”

నవ్వుతూ అనలేదు. అందుకే నేను కూడా వ్యాను ఎక్కాను.

కుందుర్పి: తడిగుడ్డలు

డ్రైవరు మస్తాన్‌ది కుందుర్పి. మామూలుగా టమాటాలు తోలే మనిషి. హైవే మీద సుఖంగా పోకుండా పావగడ మీదుగా తిప్పి, “మా ఇంట్లో ఇంత తిని పోదాం రాండి” అన్నాడు. వద్దందామనుకునేలోపే వ్యాను ఆ దారి పట్టింది.

మా కృష్ణా డెల్టాలో ఎటు చూసినా పచ్చదనం అడ్డొచ్చి దూరం కనబడదు. ఇక్కడ అడ్డొచ్చేది ఏమీ లేదు. ఎర్రనేల, రాళ్ళు, అక్కడక్కడా చింతచెట్టు, గాలిమరలు. బావుందనాలో బాధపడాలో తెలియక ఊరుకున్నాను.

హార్ప్‌కు ఈ పొడిగాలి పడదు. చెక్క ఎండిపోతే పగులుతుంది. పగిలితే బాగుచేసేవాడు మన దేశంలో దొరకడం కష్టం. అందుకని వాసవి దారిలో ఇరవై రూపాయల నీళ్ళ డబ్బాలు కొని, తువ్వాళ్ళు తడిపి, దాని గుడారంలాంటి తొడుగులో వేలాడదీస్తూ వచ్చింది. కుందుర్పి చేరేసరికి నీళ్ళు అయిపోయాయి. మస్తాన్ వాళ్ళమ్మ చాంద్‌బీని ఒక చెంబు నీళ్ళు అడిగింది.

“తాగేకా?” అంది ఆవిడ.

“కాదమ్మా, దీనికి. ఎండకు పగులుతాది.”

చాంద్‌బీ వ్యానులోకి తొంగిచూసి, తన కాలు కొంచెం ఎత్తి మడమ చూపించింది. “ఇవీ పగిల్నాయి. మాకు ఎవురమ్మా తడిగుడ్డలు కట్టేది?” అంది. అంటూనే లోపలికి పోయి చెంబు కాదు, బిందెడు తెచ్చి పెట్టింది. బిందె నీళ్ళంటే ఆ ఊళ్ళో ఏమిటో ఆ వీధి చివర వరసగా పెట్టిన ఖాళీ బిందెల్ని చూశాక తెలిసింది. వాసవి ముఖం చిన్నబోయింది. “పర్లేదులేమ్మా, వాడుకో. అదీ ప్రాణమున్నట్లే ఉండాది,” అంది చాంద్‌బీ.

సజ్జరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. వేరుశనగ పచ్చడికి మేం కోస్తాలో పెట్టుకున్న పేర్లన్నీ దీని ముందు దండగ. కారానికి కళ్ళ నీళ్ళొస్తుంటే, గుంటూరు పక్కనుంచి వచ్చినదాన్ని ఒప్పుకోలేక గాలికి దుమ్ము పడిందన్నాను. “అవును, ఈడ దుమ్ము జాస్తి,” అని మస్తాన్ మర్యాదగా నవ్వి మజ్జిగ చెంబు నా వైపు జరిపాడు. శాకాహారుల ఇంటి పిల్ల వాసవి మాంసం వండే ఇంట్లో రెండు రొట్టెలు తిని, “అమ్మకు చెప్పొద్దక్కా” అంది.

పామిడి: ఎక్కని మెట్లు

పెన్న అంటే మాకు నెల్లూరులో కనబడే నది. పామిడి దగ్గర అది ఇసుక. నది పక్కన ఊరు, ఊరి బజారులో శెట్టిగారి కొట్టు. కింద దుకాణం, మీద ఇల్లు. గుట్టలు గుట్టలుగా నైటీలు, లంగాలు, దుప్పట్లు. నైటీ రెండు వందలకే ఇస్తానన్నాడు శెట్టిగారు, పలకరింపులు కూడా పూర్తి కాకముందే.

పొట్టిగా, శుభ్రంగా, నుదుటి మీద చిన్న బొట్టుతో ఉన్నాడాయన. నా చేతిలోని వయొలిన్ పెట్టె చూసి, “ఫిడేలా తల్లీ? అది సరస్వతి” అని చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. నా పెట్టె వెనకాలే నలుగురు మోసుకొస్తున్న కూతురి సరస్వతి మాత్రం ఆయన కళ్ళకు ఆనలేదు. “ఇదేంది పాపా, ఇంత ఉండాది?” అన్నాడు.

మీదికి పోయే మెట్లు ఒక్క మనిషి పక్కకు తిరిగి ఎక్కేటంత వెడల్పు. హార్ప్‌ను అటు తిప్పారు, ఇటు తిప్పారు, గోడ సున్నం రాలింది తప్ప అది ఎక్కలేదు. గత్యంతరం లేక కొట్లోనే నైటీల గుట్ట పక్కన నిలబెట్టారు. శెట్టిగారు వెంటనే గళ్ళ దుప్పటి ఒకటి తీసి దాని మీద కప్పాడు. దుమ్ము పడకుండా అన్నాడు. ఎవరి కళ్ళు పడకుండానో మా ముగ్గురికీ తెలుసు.

వాసవి వాళ్ళమ్మ ఓళిగలు చేసింది. మా బొబ్బట్టుకు అక్క అనుకోండి, పల్చగా, వెడల్పుగా ఉంటుంది. నేతితో తింటుంటే ఆవిడ, “కొళాయి నీళ్ళు దినం మార్చి దినం వస్తాయి. దానికి దినామూ గుడ్డలు తడపల్లంటే యాడ తెచ్చేది?” అని గొణిగింది. గొణుగుతూనే మర్నాడు పొద్దున తువ్వాళ్ళు తనే తడిపి పిండి ఇచ్చింది.

బొంబాయి మగ్గం

ఆ తువ్వాళ్ళు పట్టుకుని నేనూ వాసవీ మెట్లు దిగుతున్నప్పుడు కింద కొట్లో నారాయణప్ప ఉన్నాడు. ధర్మవరం నేతగాడు. ఏళ్ళ తరబడి శెట్టిగారికి పట్టుచీరలు వేసే మనిషి. గళ్ళ దుప్పటి ఒక పక్కకు జారింది. ఎర్రతీగలూ, నల్లతీగలూ, కింద పెడళ్ళూ బయటపడ్డాయి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు.

“ఇదేందప్పా శెట్టీ?”

శెట్టిగారు గజంబద్ద కింద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. “మగ్గం,” అన్నాడు. “బొంబాయిది. కొత్త మోడలు.”

నారాయణప్ప దాని చుట్టూ తిరిగాడు. “పడుగు బాగానే సాపినారు. బార్డరుకు ఎర్రదారం, నల్లదారం గూడ ఏసినారు. తొక్కేవి ఏడు ఉండాయంటే డిజైను గట్టిదే. పడుగు సరే, పేక యాడనుంచి పోతాది?” నేతలో నిలువు దారాలు పడుగు, అడ్డంగా పోయేవి పేక.

“అది వేరే పార్టు. ఇంగా రాలే.”

“నాడె?” పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయేది నాడె.

“అదీ రాలే.”

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే, అందులో పడుగు ఉండటం, తొక్కుడు ఉండటం చూశాక నాకే ఒక నిమిషం అది మగ్గమేమో అనిపించింది. నవ్వు ఆపుకోలేక వాసవి వైపు తిరిగాను. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తడి తువ్వాళ్ళు మెట్టు మీదే వదిలేసి మీదికి పోయింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర శెట్టిగారు నెమ్మదిగా, “మాట వరసకు అంటి పాపా” అన్నాడు.

“బ్యాంకు గూడ మాట వరసకే అంటివి. పదేండ్లు అయిపాయ,” అంది వాసవి. ఆయన మజ్జిగ పోసుకుని లేచాడు. మాటలు అక్కడితో ఆగాయి గానీ మగ్గం ఆగలేదు. సాయంత్రానికల్లా శెట్టి బొంబాయి మగ్గం తెచ్చినాడంట అని బజారంతా పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు శెట్టిగారు ఒక్కో నైటీ అమ్మాడు కూడా. వ్యాపారం ఒంట్లో ఉన్నవాడు దుఃఖంలోనూ బేరం వదలడు.

గుంతకల్లు: రోజమ్మ టీచరు

మర్నాడు ఇంట్లో ఊపిరాడక వాసవి నన్ను బస్సెక్కించి గుంతకల్లు తీసుకెళ్ళింది. ఊరంతా రైళ్ళ లెక్కన నడుస్తుంది. ఎవర్ని టైమడిగినా గడియారం చూడకుండా, ఏ బండి వచ్చిందో ఏది రాలేదో చెప్పి మన ఊహకు వదిలేస్తారు. ముప్ఫై రూపాయలకు ఉగ్గాని, దాంతో మిరపకాయ బజ్జి తిన్నాం. మరమరాల్ని నానబెట్టి తాలింపు పెడితే ఇంత రుచిగా ఉంటుందని మా వాళ్ళకు ఎవరన్నా చెబితే బాగుండు. మేం మాత్రం వాటిని ముంతకింద పప్పు దగ్గరే ఆపేశాం.

రోజమ్మ టీచరు రైల్వే స్కూల్లో పనిచేసి రిటైరైంది. చర్చిలో పియానో వాయించేది. వాసవికి మొదటి స్వరాలు ఆవిడే నేర్పింది. మమ్మల్ని కూర్చోబెట్టి, నన్ను నఖశిఖపర్యంతం చూసి, “నువ్వు సెకండ్ వయొలినా? ఫస్టు ఎందుకు రాలేదు?” అంది. సీమ మర్యాద ఇదీ. ఇరవై ఏళ్ళుగా నన్ను నేను అడగడానికి జంకిన మాట.

“ఈ పిల్ల సంగీతానికి రాలేదమ్మా, నీడకు వచ్చింది,” అని చెప్పుకొచ్చింది. “వాళ్ళ నాయన ఆదివారం స్కూటరు మీద చీరల మూట కట్టుకోని క్వార్టర్సు తిరగతాండె. ఎండ అని ఈ పిల్లను మా చర్చిలో కూచోబెట్టి పోతాండె. ఇది ఊరికే ఉంటాదా? పియానో మీద పడింది.”

తర్వాత బెంగుళూరు హాస్టలు. అక్కడి సంగీతం స్కూల్లో ఎవరో ఇచ్చిపోయిన చిన్న హార్ప్ ఒకటి మూలన పడి ఉందట. పియానో పిల్లలు బారు తీరి ఉన్నారు, హార్ప్ దగ్గర ఎవరూ లేరు. “శెట్టి బిడ్డ కదా, పోటీ లేని సరుకు ఎంచుకుంది,” అంది టీచరు. “కొనేవాడు గూడ ఒక్కడే ఉంటాడని తర్వాత తెలిసింది,” అంది వాసవి. అటుపైన స్కాలర్‌షిప్పు మీద విదేశంలో మూడేళ్ళ చదువు. చేతివేళ్ళకు పుళ్ళు, పుళ్ళ మీద కాయలు.

“మరి వాళ్ళ నాయనకు అంత నామోషీ ఎందుకండీ?” అని అడిగాను.

టీచరు కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఆ చదువుకు పంపించేటప్పుడు నా దగ్గరికి వచ్చినాడు. ‘టీచరమ్మా, మా ఇండ్లలో పెండ్లయితే వాయించేవాళ్ళకు మేము దుడ్లిస్తాం. నా బిడ్డే వాయించి దుడ్లు తీసుకుంటాదని యా మొగం పెట్టుకోని చెప్పేది?’ అన్నాడు. నేను ఏమీ అనలే. ఎందుకంటే ఆయన ఆదివారాలు మూట అమ్ముడుపోకపోయినా ముందే వచ్చేసి చర్చి మెట్ల మీద కూచోని ఈ పిల్ల వాయించేది ఇంటాండె. నేను కిటికీలోంచి చూస్తాంటి. ఆయనకు తెలీదు.”

తిరుగు బస్సులో వాసవి కిటికీ పక్కన కూర్చుంది. పామిడి దగ్గరపడ్డాక, “ఇంటాండె అని నాయన నాకెందుకు చెప్పలేదక్కా?” అంది. నన్నడిగితే నేనేం చెప్పను? పక్క సీటావిడ మాత్రం అడక్కపోయినా ఒక జామకాయ చేతిలో పెట్టింది.

పామిడి: పొద్దున బేరం

మేం బయల్దేరే రోజు. మస్తాన్ వ్యాను కొట్టు ముందు పెట్టాడు. శెట్టిగారు అప్పుడే తలుపులు తీసి, కడిగి, అగరొత్తులు వెలిగించాడు. ఇంకా బోణీ కాలేదు. బోణీ సంగతి మనకూ తెలిసిందేగానీ ఈయనది మరీ పట్టు. మొదటి బేరానికి లేదు అనే మాట నోట రాకూడదు. వచ్చినవాడు ఒట్టిచేతుల్తో పోకూడదు. పోతే ఆ రోజంతా పోయినట్టే. బోణీ కాకముందు హార్ప్ కదిపినా ఒప్పుకోనని మమ్మల్ని మెట్ల మీదే నిలబెట్టాడు.

అప్పుడు వచ్చాడు హనుమంతరెడ్డి. పక్క పల్లె మెట్టరైతు, పెద్ద మనిషి. వస్తూనే బల్ల మీద తువ్వాలు మూట విప్పాడు. అందులో నోట్లు.

“శెట్టీ, ఆ బొంబాయి మగ్గం నాకియ్యి. రెండు బోర్లు ఎండిపాయ. చెనిక్కాయ కూలి ఖర్చులకు గూడ రాలే. మా కోడలు ధర్మవరం పిల్ల, నేత తెలుసు. ఏదన్నా చేసుకోని బతకల్ల గదా. రేటు చెప్పు. చాలకపోతే సాయంత్రానికి తెస్తా.”

శెట్టిగారి చేతిలో అగరొత్తు అలాగే ఉండిపోయింది. తప్పించుకోవడానికి దారి లేకపోలేదు. వేరేవాళ్ళకు అమ్ముడైపోయిందని ఒక్క ముక్క అంటే చాలు. అంటాడనే అనుకున్నాను. వాసవి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నోట్ల మూట వైపు చూశాడు, రెడ్డి ముఖం వైపు చూశాడు. మూట జాగ్రత్తగా మళ్ళీ కట్టి ఆయన చేతిలో పెట్టాడు.

“లేదు రెడ్డీ.”

“బోణీ బేరానికి లేదంటావా?”

“అది మగ్గం కాదప్పా. నేను అబద్ధం చెప్పినా. బేరంలో అబద్ధం చెప్పి నీ దుడ్లు ముట్టలేను. అది వాద్యం. మా వాసవిది. బొంబాయిలో దాన్ని వాయిస్తాది. అదే ఆయమ్మ ఉద్యోగం. బ్యాంకూ లేదు గింకూ లేదు.”

రెడ్డి మూట చంకలో పెట్టుకున్నాడు. “బ్యాంకు లేదా? మా వానికి లోను ఇప్పియ్యమని నీ బిడ్డను అడగల్లని ఎన్నేండ్లనుంచో చూస్తాంటి గదప్పా,” అన్నాడు. అప్పుడు మస్తాన్‌కు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. శెట్టిగారికి మాత్రం చెమటలు పట్టాయి.

“సరే, బోణీ కాకుండా పోతే నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. ఏదన్నా వాయించమను, చూస్తాం.”

వాసవి మెట్లు దిగి గళ్ళ దుప్పటి తీసింది. స్టూలు లేక దుప్పట్ల బేలు మీద కూర్చుని, తీగలు సరిచేసుకుని మొదలుపెట్టింది. పెద్ద సభల్లో ఆ పిల్ల వాయించగా ఎన్నో సార్లు విన్నాను. గుట్టల కొద్దీ నైటీల మధ్య వినడం ఇదే మొదలు. బట్టలన్నీ సగం శబ్దాన్ని తాగేశాయి. మిగిలిన సగం మెత్తగా వచ్చింది. పక్క కొట్టు వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. శెట్టిగారు గల్లాపెట్టె వెనక కూర్చుని బల్ల వైపే చూస్తున్నాడు.

అయ్యాక రెడ్డి శెట్టిగారి వైపు తిరిగాడు. “బోరు ఏస్తే, కిందనుంచి మొదలు నీళ్ళ సప్పుడు వస్తాది సూడు. అట్ల ఉండాది శెట్టీ,” అన్నాడు. జేబులోంచి వంద నోటు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇదిగో నీ బోణీ.”

శెట్టిగారు ఆ నోటును ముట్టుకోలేదు. ఆ నోటు ఏమిటో అక్కడ నాకూ వాసవికీ తెలుసు. కూతురు వాయిస్తే వచ్చిన దుడ్లు. ఆ మాట చెప్పుకోలేకనే పదేళ్ళు బ్యాంకు నడిపాడాయన. చివరికి దాన్ని తీసి, రెండు కళ్ళకూ అద్దుకుని, గల్లాపెట్టెలో వేశాడు. “ఇంగోటి వాయించు పాపా,” అన్నాడు.

వాసవి కళ్ళు తుడుచుకుని మళ్ళీ తీగల మీద చేతులు పెట్టింది. అంతలో ఒకావిడ గుమ్మంలో జనాన్ని తోసుకుని లోపలికొచ్చి, “శెట్టీ, బస్సుకు పొద్దుపోతాంది, రెండు నైటీలు చూపియ్యప్పా” అంది.

శెట్టిగారు ఆవిడకు స్టూలు జరిపాడు. “నైటీలు యాడికీ పోవమ్మా, కూచో,” అన్నాడు. “మా పాప వాయిస్తాండాది.”